మూడో రాత్రి

తమ్ముడు పోయిన రోజునే వాడు కనిపెట్టిన గ్రహశకలం కూడా జాడ లేకుండా పోయిందని టీచరమ్మకు తెలియదు. నెల తిరిగాక, వాడి బల్ల ఖాళీ చేయడానికి వేధశాలకు వచ్చి, వాడితో కలిసి పనిచేసిన స్నేహితుణ్ణి అడిగింది.

"ఆ రాయికి వాడి పేరు పెడతారటగా, బాబూ?"

"పెట్టలేమక్కా. దాని కక్ష్య తేలితేనే పేరు. అందుకు కనీసం మూడు రాత్రులు చూడాలి. వాడు చూసింది రెండే."

"మూడో రాత్రి మీరు చూడొచ్చుగా?"

"ఆ రాత్రి వాడి మీద గౌరవంతో టెలిస్కోపు మూసేశాం. వాడి ఫొటో ముందు కూర్చున్నాం."

"ఆకాశానికీ సెలవిచ్చారన్నమాట. మబ్బు పట్టిందా?"

"లేదక్కా. అద్దంలా ఉంది."

"వాడుంటే మిమ్మల్ని చెడామడా తిట్టేవాడు."

"తిట్టేవాడు. మర్నాటి నుంచి ముసురు. అది విడిచేసరికి రాయి కనిపించనంత దూరం వెళ్లిపోయింది."

"మళ్లీ రాదా?"

"వస్తుంది. సూర్యుడి చుట్టూ తిరుగుతూ మన భూమి దారికి అడ్డం వస్తూనే ఉంటుంది. ఎప్పుడొస్తుందో, ఎంత దగ్గరగా వస్తుందో చెప్పలేం."

"మీద పడితే?"

"ఊరు ఊరంతా పోతుందక్కా."

ఆమె తమ్ముడి కళ్లజోడు తుడిచి సంచిలో పెట్టుకుంది.

"ఈ రాత్రి తెరుస్తారా?"

"తెరుస్తాం. ఎటు తిప్పాలో తెలియదు."

ఆ రాయి కక్ష్య ఇంకా తేలలేదు. దానికి పేరూ పెట్టలేదు.