మా అత్తగారు ఉతికిన బాతుపిల్లలు

ఆ టబ్బులో నీళ్లు పోయకమ్మా, ఒక్క నిమిషం ఆగు. ఏదీ, ఆ అట్టపెట్టె ఇటు జరుపు, చూడనీ. నాలుగా? పుట్టి మూడు రోజులు కూడా అయినట్టు లేదు. బాతుపిల్లలైనంత మాత్రాన పుట్టగానే ఈత కొట్టెయ్యాలా ఏంటి? తల్లి ఉంటే తల్లి ఒంటి నూనె వీటికి అంటుకుని నీళ్లు లోపలికి ఇంకవు. తల్లి లేని పిల్లలకి అదేం ఉండదు, దూదిలాగా పీల్చేసుకుంటాయి. వీడియోలో ఈదాయా? ఈది ఉంటాయిలే, ఆ తర్వాత ఏమైందో వీడియోలో పెట్టి ఉండరు. నాకెలా తెలుసంటే, మీ అమ్మమ్మ వాళ్లమ్మ పుణ్యమా అని తెలిసింది. అంటే మీ తాతమ్మ, నాకు అత్తగారు. ఆవిడ బాతుపిల్లల్ని ఉతికేసింది. నవ్వకు, నిజంగానే ఉతికింది, సబ్బు పెట్టి. కూర్చో, చెప్తాను. ముందు ఆ బల్బు కాస్త కిందికి దించు, వణుకుతున్నాయి పాపం.

ఆవిడకి లాండ్రీ ఉండేది. కింద షాపు, పైన ఇల్లు. ముందు కౌంటరు, వెనక ఉతికే గది, పక్కన ఇస్త్రీ గది. ఆ ఇస్త్రీ గదిలో బొగ్గుల పెట్టె పట్టుకుని నేను. అవును, నేను అక్కడ పనివాణ్ణే, మీ అమ్మ నీకు ఏం గొప్పలు చెప్పిందో గానీ. మా అత్తగారు ఎలాంటి మనిషంటే, తప్పు ఒప్పుకోవడమనేది ఆవిడ ఒంట్లోనే లేదు. ఒకాయన చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు పడింది, ముక్కుతో సహా. చంటిపిల్లాడు చూసినా చెప్తాడు అదేంటో. ఆవిడ ఆయన మొహంలోకి సూటిగా చూసి, మీరు తెచ్చినప్పుడే ఉందండీ, ఎక్కడో దేనికో ఆనుకుని ఉంటారు, అంది. ఆయన వెళ్తూ వెళ్తూ సారీ కూడా చెప్పాడు. ఆ అచ్చు వేసింది నేనే, అది వేరే సంగతి. ఏం చెబుతున్నాను? ఆఁ, పెళ్లి. నేనూ మీ అమ్మమ్మా ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ రిజిస్టరాఫీసుకి వెళ్లి పెళ్లి చేసుకుని మూడింటికల్లా మళ్లీ పనిలో ఉన్నాం. ఆవిడకి సాయంత్రం తెలిసింది. అరవలేదు, తిట్టలేదు. నాతో మాట్లాడటం మానేసింది, అంతే.

ఎంతకాలం అనుకున్నావ్? ఏడాదిన్నర. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. పని చెప్పాల్సొస్తే ఇస్త్రీపెట్టెతో చెప్పేది. "పెట్టే, ఆ కాలరు సరిగ్గా రుద్దలేదని చెప్పు." నేను పక్కనే ఉండేవాణ్ణి, ఆ కాలరు నా చేతిలోనే ఉండేది. ఎవరైనా అడిగితే ఇస్త్రీ అతను అనేది, చుట్టాలొచ్చినా అంతే. కూతురి మొగుడన్న మాట నోటెంట వచ్చేది కాదు. మీ అమ్మమ్మ పడీపడీ నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి గానీ లోపల చాలా బాధగా ఉండేదమ్మా. నాకు అమ్మా నాన్నా చిన్నప్పుడే పోయారు. ఎవరైనా ఒకళ్లు వీడు మావాడు అంటే బాగుండునని ఉండేది. ఈ ముక్క మీ అమ్మమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఈలోపు బ్యాండు మేస్టారొచ్చాడు. వాళ్ల యూనిఫారాలన్నీ మా దగ్గరే ఉతికేవాళ్లం. ఒకరోజు తన టోపీలో ఐదు బాతుపిల్లల్ని పెట్టుకొచ్చి, తల్లిని కుక్క పట్టుకుపోయింది, మీ ఇస్త్రీ గది వెచ్చగా ఉంటుంది కదా, పెంచుకోండి అన్నాడు. మీ అమ్మమ్మ ఎగిరి గంతేసింది. మా అత్తగారు మాత్రం నా షాపులో రెట్టలా అని ముక్కు మూసుకుంది. ఆ పిల్లలేం చేశాయో తెలుసా? అన్నం పెట్టే కూతుర్ని వదిలేసి, పక్కనే ఉండే నన్ను వదిలేసి, ఆవిడ వెంట పడ్డాయి. ఆవిడ చెప్పులు టపటపమంటే చాలు, ఐదూ వరసకట్టి బయల్దేరేవి. కౌంటరు దగ్గరికెళ్తే కౌంటరు దగ్గరికి, బాత్రూముకెళ్తే బాత్రూం తలుపు దాకా. మొదట్లో తోసేసింది. పది రోజులకి ఏమైందంటే, అడుగు వేసేముందు వెనక్కి తిరిగి లెక్కపెట్టుకునేది. ఎవరూ చూడట్లేదనుకునేది. నేను చూసేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, బాతుల మీద అసూయపడ్డాను. ఏడాదిన్నరగా నేను తిరుగుతున్నాను ఆవిడ వెనకాల, నన్నెవరు లెక్కపెట్టారు?

ఒక ఆదివారం మీ అమ్మమ్మ బజారుకెళ్లింది. నేను మూటలు ఇచ్చి వచ్చేసరికి ఉతికే గదిలో మా అత్తగారు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని కూర్చునుంది. బాతుపిల్లలకి బొగ్గు మసి అంటింది, పొట్ట కింద రెట్ట ఎండిపోయింది. ఆవిడ కళ్ల ముందు మరక ఉంటే నిద్ర పట్టదు కదా. మామూలు సబ్బు గరుకని పట్టుబట్టలకి వాడే మెత్తటి సబ్బు తీసింది. అంటే ప్రేమగానే ఉతికిందన్నమాట. నీలిమందు సీసా కూడా పక్కనే ఉంది, వాటి అదృష్టం బాగుండి ఇంకా మూత తియ్యలేదు. ఒక్కోదాన్నీ బొటనవేలితో రుద్ది, జాడించే తొట్టిలో వదిలింది, బాతులే కదా, ఈదుకుంటూ అవే జాడించుకుంటాయని. అవి ఈదలేదు. మెడ దాకా దిగిపోయాయి. ఆవిడకి అర్థం కాలేదు, చేతులు గాల్లోనే ఉండిపోయాయి. అప్పుడు నా వైపు తిరిగి, నా వైపే, పెట్టె వైపు కాదు, "చూస్తావేంటి, తియ్యి" అంది. ఏడాదిన్నర తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాట అదీ.

ఐదింటినీ తీసి ఇస్త్రీ గదికి పరిగెత్తాం. నేను తువ్వాళ్లు వేడిచేసి ఇస్తుంటే ఆవిడ తుడిచింది. నాలుగు తేరుకున్నాయి. చిన్నది, మీ అమ్మమ్మకి ప్రాణం అదంటే, అది తేరుకోలేదు. పోయిందండీ అని నేనన్నా వినకుండా ఇంకా చాలాసేపు తుడుస్తూనే ఉంది. చివరికి దాన్ని ఒళ్లో పెట్టుకుని, పిల్లి ఎత్తుకుపోయిందని చెప్పు అమ్మాయికి, అంది. సరేనన్నాను. మరి ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి, కాదని ఎలా అంటాను? మీ అమ్మమ్మ వచ్చింది, పిల్లి సంగతి విని తలుపు ఎవరు తీసిపెట్టారంది. నేనే అన్నాను. ఇక చూడు నా బతుకు. మీ అమ్మమ్మా నాతో మాట్లాడటం మానేసింది, మా అత్తగారేమో మళ్లీ పాత పద్ధతికే వెళ్లిపోయింది. ఇంట్లో ఆడవాళ్లిద్దరూ ఇస్త్రీపెట్టెతోనే మాట్లాడేవాళ్లు. ఆ పెట్టెకి ఉన్న పలుకుబడి నాకు లేదు.

నాలుగో రోజు బ్యాండు మేస్టారు యూనిఫారాల కోసం వచ్చి, పిల్లలు బాగున్నాయా అని అడిగాడు. షాపు నిండా జనం. ఏం చెప్పమంటారు, మా ఆయన తలుపు తీసిపెట్టాడు, చిన్నదాన్ని పిల్లి ఎత్తుకుపోయింది, చేతకాని మనిషిని కట్టుకున్నాను, అంటోంది మీ అమ్మమ్మ. నేను తల వంచుకుని ఇస్త్రీ చేస్తున్నాను. మా అత్తగారు కౌంటరులో రసీదు రాస్తోంది. కలం కింద పెట్టింది. "పిల్లీ లేదు, గిల్లీ లేదు. నేనే సబ్బు పెట్టి ఉతికి చంపాను. మా అల్లుణ్ణి ఏమీ అనకు," అంది. మళ్లీ కలం తీసుకుని, బ్యాండు మేస్టారితో, ప్యాంట్లు ఎన్నండీ, అంది. నేను ఒకే చొక్కాకి మూడుసార్లు ఇస్త్రీ చేశాను. కళ్లు కనపడితేగా.

ఆ తర్వాత ఇంకో ఇరవై రెండేళ్లు బతికింది. మళ్లీ ఏ తప్పూ ఒప్పుకోలేదు, చెయ్యలేదని కాదు. ఆఖర్లో మనుషుల్ని మర్చిపోయింది, కన్నకూతుర్ని పట్టుకుని మీదే ఊరమ్మా అని అడిగేది. ఆసుపత్రిలో నర్సు నన్ను చూపించి, ఈయనెవరో తెలుసా అమ్మా అంది. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మా అల్లుడు," అంది. "ఇస్త్రీ చేతకాదు."

...

ఆఁ? ఏం లేదు. ఆ మేత కాస్త తడిపి పెట్టు, గొంతు పట్టుకుంటుంది వాటికి.