దులపని గడ్డి

ఒట్టు పిల్లా, నేను చెప్పేదాంట్ల గింజంత గూడ అబద్ధం లేదు. ఈ కుడి మోకాలు మీద ఒట్టు. ఎడమది ఎట్లాగు పోయింది, దాని మీదనైతే ఎన్ని ఒట్లైన పెడుత. కూసో గీడ హర్షిణీ, మిరపకాయల తొడిమెలు తీస్తనే విను. నిన్నటిసంది ఆవు గడ్డి ముడుతలేదని నీ మొగడు రుత్విక్ ఆదివారం అంగడికి తోలుతడట. తోలుతడు, వాని సొమ్మేం బోయె. మనుమడైతే ఏంది, ఈ ఇంట్ల పొద్దుందాక నా మాటలు వినేది ఆ ఆవొక్కటే.

మా అత్త సమ్మవ్వ ఉంటే ఆవును ఇడిసి వాన్నే ఆ గుంజకు కట్టేసేది. ఆమె పోయి ముప్పై ఏండ్లు దాటింది, అయిన నేను కొట్టంల అడుగు పెడితే ఎనుకనుంచి "ఏమే, దులిపినవా" అన్నట్టే ఉంటది. తాటిచెట్టంత మనిషి. గొంతు గని సైరన్ కంటె పెద్దది, ఆమె కేకేస్తే బసంత్‌నగర్ల సిమెంటు లారీలు ఆగేటియి. బర్రెకు గడ్డి పెట్టుడంటే ఆమెకు పూజ చేసుడే. గడ్డివాముల నుంచి పిడికెడు పిడికెడు గుంజాలె, మోకాలికేసి కొట్టి దులుపాలె, ముక్కుకాడ పెట్టి వాసన జూడాలె, పలుచగ పరువాలె. మొదటి పిడికెడు చేతితోనే నోటికియ్యాలె. అది నమిలినంకనే మనకు బువ్వ. ఓపెన్ కాస్టు గనిల బాంబులు పేలితే దుమ్మంత వాము మీదనే గదా పడేది. మీ తాత గనిల షిఫ్టు దిగి, నేను గడ్డి దులిపి ఇంట్లకొస్తే ఇద్దరి మొఖాలు ఒక్కతీరు నలుపు. ఒకపాలి గని సర్దారు మీ తాత అనుకొని నన్నే కిందికి తోల్కపోయిండు. అరపూట బొగ్గు ఎత్తిన. నవ్వకు, హాజరు గూడ ఏసిండు.

గంత చాకిరి చేస్తే ఆమె నా నోట్ల ఒక్కనాడు బుక్కెడు బువ్వ పెట్టలేదు. బర్రెకు పెట్టింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలే, పోదు గూడ.

మన ఊరు గని తవ్వకం కిందికి పోయినప్పుడు అందరు దూలాలు, తలుపులు, పెంకులు లారీలకు ఎత్తుకున్నరు. ఆమె వామును ఎత్తుమన్నది. "గడ్డికి లారీ ఎవడిస్తడే అవ్వా, గనోళ్లిచ్చిన క్వార్టర్ల బర్రెను యాడ కడుతవు" అని మీ తాత బర్రెను అమ్మిండు. కొన్నోడు తాడు పట్టి గుంజుకపోతుంటే ఆమె ఉరికి పోయింది, పిడికెడు గడ్డి దులిపి వాని చేతుల పెట్టింది. "మొదటిది చేతితోనియ్యి కొడుకా, లేకుంటె తినదు" అన్నది. వాడు నవ్విండు. గడ్డి రోడ్డు మీద పారేసిండు. తర్వాత తెలిసింది, బర్రె తినక తినక పడిపోయిందట. మా అత్త సంగతి గూడ గంతే. సెంటినరీ కాలనీ క్వార్టర్ల కంచం ముంగట పెట్టి ఎవల డ్యూటీకి వాళ్లు పోయేది. వచ్చేదాక కంచం అట్లనే ఉండేది. ఆ చలికాలం దాటలే.

మీ తాత గని పని నుంచి దిగినంకనే ఈడ ఇల్లు, కొట్టం కట్టుకున్నం. ఇగ మీ తీరు జూడు. వరి మిషన్ కోస్తది, గడ్డిని మిషన్ చుట్ట చుడుతది, ఆటోల తెచ్చి దొర్లిచ్చి పోతరు. చుట్టకు కట్టిన సుత్లి తాడు గూడ కొయ్యకుండ నీ మొగడు దాన్ని ఆవు ముంగటికి కాలుతోని తంతడు, చెవుల ఫోను. ఇంకొందరు మిషన్ల పెట్టి ముక్కలు చేస్తరు, ఆవుకు నమలనీకి పండ్లు లేనట్టు. ఆ చుట్ట ఇప్పి దులిపితే సంచెడు బొగ్గు ఎల్లుతది, మన ఊరికంత పొయ్యికి సాలు. ఎట్ల తింటదే అది. నాకు గూడ గట్లనే పెడుతరు గదా. బువ్వ డబ్బ మూత తియ్యకుండ గీ స్టూల్ మీద పెట్టి పోతరు. సరే, నాకు చేతులున్నయి, మూత తీసుకుంట. దానికి...

ఆ మిరపకాయలు ఆడ పెట్టు. గోడకు కొడవలి ఉన్నది, తీసుకపో. సుత్లి కొయ్యి, పిడికెడు గుంజు, మోకాలికేసి మంచిగ కొట్టు, చేతితోని నోటికియ్యి. కొరకదు, భయపడకు. తింటే నా దగ్గరికి ఉరికి రాకు, ముందుగాల పోయి నీ మొగనికి చెప్పు.