అట్ట మీద పాదం

చెప్పులు కుట్టే అతని కొట్టు, మధ్యాహ్నం. ఎదురుగా పీట మీద, అతని ఒకప్పటి భార్య.

"సంతకం పెట్టేసి చెప్పులిస్తే నేను వెళ్తాను."

"వచ్చి క్షణం కాలేదు. సరిగ్గా కూర్చో, పీట ఇప్పుడు ఊగదులే. పిల్ల ఎలా ఉంది?"

"బాగుంది. ఇక్కడ, ఈ గీత మీద పెట్టండి."

"గీత నాకూ కనిపిస్తోంది. ఏం రాశారేంటి ఇందులో?"

"ఏముంటుంది? పిల్లకి పద్దెనిమిది నిండాయి, తండ్రి ఇక నెలనెలా భరణం ఇవ్వక్కర్లేదు, మాకేం అభ్యంతరం లేదు అని. కోర్టులో ఇచ్చేస్తే అయిపోతుంది."

"అయిపోతుందా?"

"అయిపోతుంది. మీ నెత్తిన బరువు దిగిపోతుంది."

"బరువని నేనెప్పుడైనా మొత్తుకున్నానా? ఒక్క నెలైనా ఎగ్గొట్టానా?"

"ఎగ్గొట్టారని ఎవరన్నారు?"

"మరి ఇస్తూనే ఉంటాను. కోర్టు చాలంటే చాలయిపోతుందా?"

"వద్దు. మందుల షాపులో చేరింది. తన ఖర్చులు తనే చూసుకుంటానంది."

"మందుల షాపా! పొద్దస్తమానం నిలబడే ఉండాలి కదే!"

"మరి కూర్చోబెట్టి జీతమెవరిస్తారు?"

"కాళ్లు వాచిపోతాయి. ముందే చెప్పి ఉంటే మడమ కింద ఇంకో పొర వేసేవాణ్ని."

"అదీ మీకు చెప్పాలా?"

"నాకు కాక ఇంకెవరికి చెబుతావ్? ఏడాదికో జత నేనే కుట్టి ఇస్తానని జడ్జీగారి ముందు ఒప్పుకున్నవాణ్ని."

"ఆ మాటకి జడ్జీగారే నవ్వారు."

"నవ్వితే నవ్వారు, రాయించారు కదా. నువ్వు పిల్ల పాదం అట్ట మీద గీసి తేవడం, నేను కుట్టడం. అది కూడా ఇవాళ్టితో సరా?"

"సరే మరి. ఆ చెప్పులేవో ఇవ్వండి త్వరగా. బయట ఎండ మండిపోతోంది."

"నువ్వు నీడలోనే ఉన్నావుగా, నీకెందుకే ఎండ గోల? ఇదిగో. చూడు ఎలా ఉన్నాయో."

"ఇవేనా? ఇవి... కాస్త వెడల్పుగా లేవూ?"

"వేసుకుని చూస్తే తెలుస్తుంది."

"నేనెందుకు వేసుకోవడం? ఇవి పిల్లవి."

"వేసుకోవే."

"మతిగానీ పోయిందా మీకు?"

"నీ పాదం మీద చూసుకో. ఎండ తగలని చోట తెల్లగా చెప్పు పట్టీ చార. ఇవాళ రబ్బరు చెప్పులేసుకొస్తే దాగుతుందా? ఆ పట్టీ కోసింది నేనే."

"ఎప్పట్నించి తెలుసు మీకు?"

"మొదటిసారి నుంచే. చిన్నపిల్ల పాదం ఏడాది తిరిగేసరికి తల్లి పాదమంత అవుతుందా? పోనీ అయిందే అనుకో, ఆ తర్వాత వెంట్రుకవాసి కూడా పెరగదా? పైగా నీ చిటికెనవేలు పక్క వేలు మీదకెక్కి కూర్చుంటుంది. నీతో కాపురం చేసినవాణ్ని, ఆ మాత్రం ఎరగనా?"

"ఆవిడ కాళ్లు కూడా ఇలాగే గుర్తున్నాయా?"

"ఇప్పుడెందుకే ఆ ఎత్తిపొడుపు? ఆవిడ నా దగ్గర ఉన్నదే నాలుగు నెలలు."

"ఆ నాలుగు నెలల కోసమే కదా మీరు ఇల్లు వదిలింది! పిల్లకి ఊహ తెలిశాక ఇక అట్ట మీద కాలు పెట్టనంది. కాళ్లావేళ్లా పడ్డా పెట్టలేదు. ఆయన వెళ్లిపోయేటప్పుడు నా కాళ్లకి చెప్పులున్నాయో లేవో చూశాడా, ఇప్పుడెందుకు కొలతలు అంది. వీధి చివరి దాకా పరిగెత్తింది మీ వెనకాల..."

"తెలుసు."

"మీరు వెనక్కి తిరగలేదు."

"తెలుసంటున్నాగా!"

"ఖాళీ అట్ట తెచ్చి మీ ముఖం ఎలా చూడను? నా కాలే పెట్టి గీశాను. ఒక్క ఏడాదికేగా అనుకున్నా. మరుసటేడూ పెట్టలేదు, ఆ మరుసటేడూ పెట్టలేదు... అయినా తెలిసి ఎందుకు ఊరుకున్నారు?"

"అడిగితే నువ్వు అట్ట తేవడం మానేస్తావ్. ఏడాదికోసారి నా కూతురి పేరు చెప్పుకుని ఒక మనిషి ఈ కొట్టు మెట్టెక్కుతోంది, అదే పదివేలు అనుకున్నా. నీ కాలికి చెక్క అచ్చు కూడా చేయించి పెట్టుకున్నా. ఈసారైతే మొన్న నువ్విచ్చిన అట్ట విప్పనేలేదు."

"ఏంటీ?"

"మడిచింది మడిచినట్టే ఉంది. నీ కొలత నేను కళ్లు మూసుకుని కోస్తాను. దానికి మళ్లీ అట్టెందుకు?"

"విప్పలేదా? అసలు చూడనే లేదా?"

"లేదనే కదా చెబుతున్నాను."

"ఎక్కడుందది?"

"నీ కిందే. పీట కాలు ఊగుతోందని దాని కింద పెట్టా. ఏయ్, ఏంటది, అలా లాగకు, చిరిగిపోతుంది! ఎందుకే ఏడుస్తావ్? ఇప్పుడేమైందని?"

"విప్పండి. విప్పి చూడండి."

"చూస్తాలే, ఉండు. ఏముంటుంది ఇందులో, నీ... ఇదేంటి? చిటికెనవేలు తిన్నగా ఉంది. పాదం సన్నగా, పొడుగ్గా... ఇది మా అమ్మ పాదంలా ఉందేంటే! ఎవరిదే ఇది?"

"తనే పెట్టింది. నేను అడగలేదు, ఒట్టు, నోరెత్తి అడగలేదు. తనే అట్ట తెచ్చి, నేల మీద పరిచి, ఎక్కి నిలబడి, గియ్యమ్మా అంది."

"నా పిల్లా?"

"ఆఖరిసారి కదా, ఈసారి నా కాలికి కుట్టమను అంది. సరిపోతే అవి వేసుకుని లోపలికొచ్చి నాన్నా అని పిలుస్తానంది."

"లోపలికొచ్చి అంటే... ఎక్కడుందే?"

"ఏమండీ... అది ఎదుటి కొట్టు మెట్ల మీద ఎండలో కూర్చుని ఉంది. పాత చెప్పులు ఇంట్లోనే వదిలేసి, ఒట్టికాళ్లతో వచ్చింది."