అరచేతులు చూపించండి

"మా అమ్మ చేతులు మంచానికి కట్టిందీ మీరే, పైగా రాక్షసి అని పేరు పెట్టిందీ మీరే."

గుంటూరులో ముసలివాళ్ళ మానసిక వార్డులో, సువార్తమ్మ మంచం పక్కన నిలబడి ఆమె కూతురు నర్సును నిలదీసింది. నర్సు తన చెంప మీది గోటి గీతలు చూపించింది.

"ఇదిగో, మొహం తుడవబోతే మీ అమ్మ చేసిన సన్మానం. రోజూ ఇంతే. వార్డంతటికీ ఇద్దరమే. కట్టకపోతే ఏం చెయ్యమంటావమ్మా?"

ఆ గీతలు చూసి కూతురి గొంతు తగ్గింది గానీ కోపం తగ్గలేదు.

"నొప్పే సిస్టర్, కాదనను. తుడిచే ముందు ఆమెకేం చెప్పారు?"

"చెప్పడానికి ఆమెకు మతి ఉంటే కదా."

"మతి పోయినా మంట గుర్తుంది. బతుకంతా మిరప కల్లాల్లో కూలి చేసింది. అక్కడ ఇంకొకళ్ళ మొహం ముట్టుకోవాలంటే ముందు చేతులు కడిగి అరచేతులు చూపించాలి. లేకపోతే కళ్ళు మండిపోతాయి. ఆమె ఇంకా కల్లంలోనే ఉంది."

"ఇవన్నీ మాకెలా తెలుస్తాయి?"

"అడిగితే తెలుస్తాయి. కట్టెయ్యడం తెలిసింది గానీ అడగడం తెలియలేదా?"

నర్సు మంచం మీదికి వంగి చూసింది. సువార్తమ్మ మణికట్టు దగ్గర గుడ్డ ఒరుసుకుని చర్మం ఎర్రబడింది.

"మళ్ళీ కొడితే?"

"నేను ముందు నిలబడతా, నన్నే కొట్టనివ్వండి. ఇంకో మనిషిని వెయ్యమని పెద్ద డాక్టరును అడగడానికీ మీతో వస్తా. అది తర్వాత. ఇప్పుడు ఆ కట్లు విప్పండి, ఆమె ఎదురుగా చేతులు కడగండి, అరచేతులు చూపించండి. అప్పుడు తుడవండి."