అటారా నాజీరు మొక్కు

అటారా అని ఒకామె ఉండేదంట. ఇది మన కాడ కాదమ్మా, హెబ్రీయుల దేశంలో, వాళ్ళకింకా రాజులు లేని రోజుల్లో. కొండ మీద చిన్న ఊరు. ఆ ఊళ్ళో ఆడమనిషి ఎవరు పోయినా నీళ్ళు పోసి గుడ్డ చుట్టేది ఈమే. ఇంకెవరికీ ఆ పని చేతకాదు. అట్టాంటామెకి ఏమైందంటే, మొగుడు ఏలోనుకి జొరమొచ్చింది. పది రోజులు కళ్ళు తెరవలా. పదకొండో రోజు ఆమె చేతులెత్తి, "దేవా, ఈయన లేచి కూచుంటే ఏడాది పాటు నాజీరుగా ఉంటా" అని మొక్కుకుందంట. నాజీరంటే వాళ్ళల్లో పెద్ద మొక్కనుకో. ద్రాక్షారసం తాగగూడదు, ద్రాక్షపండు కూడా నోట పెట్టగూడదు. తలకి కత్తి తగలగూడదు. శవం దగ్గరికి పోగూడదు, కన్నతల్లి చచ్చినా సరే.

ఏలోను లేచి కూచున్నాడు. వాళ్ళ ధర్మంలో ఏముందంటే, పెళ్ళాం మొక్కు సంగతి మొగుడు విన్న రోజే వద్దంటే అది చెల్లదు, ఊరుకుంటే చెల్లుద్ది. ఈయన విన్నాడు, ఊరుకున్నాడు. ఆ మొక్కు పుణ్యాన బతికినోడు వద్దని ఎట్టా అంటాడు చెప్పండి?

పదకొండు నెలలు గడిచినయ్యి. రోజూ పొద్దుగూకే వేళ ఈయన గిన్నెడు ద్రాక్షారసం తాగతా ఉంటే, ఆమె పక్కన కూచుని నీళ్ళు తాగేదంట. ఇంక నెల ఉందనంగా పక్కింటి శెరహు ముసల్ది మంచాన పడింది. ఈ శెరహుకీ అటారాకీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఏదో మేక పోయి ఏదో మొక్క తినిందంట, దానికి! ముసల్దానికి నా అన్నవాళ్ళు లేరు. పోయేముందు, మంచినీళ్ళు ఇచ్చినామెతో, "అటారా తప్ప నన్నెవరూ కడగొద్దని చెప్పు. దాని నోరు చెడ్డది గానీ చెయ్యి మెత్తన" అని కన్ను మూసింది. మొక్కు సంగతి తెలవదా అంటే తెలుసు. అయినా అడిగింది.

కబురొచ్చింది. పోబాకే, పోయినావంటే పదకొండు నెలలూ నీళ్ళపాలు, మళ్ళా మొదటి నించీ, ఎవరో ఒకరు ఎట్టనో కానిస్తార్లే అన్నాడు ఏలోను. ఆమె, "నేను మొక్కుకుంటే దేవుడు నిన్నిచ్చాడయ్యా. ఆ ముసల్దానికోసం మొక్కుకునేవాళ్ళెవరున్నారు?" అని లేచి పోయిందంట. పోయి, నీళ్ళు పోసి, తల దువ్వి, "మేక నాదే శెరహా, తప్పూ నాదే" అని ఆ చెవిలో చెప్పి, అప్పుడు ఏడ్చిందంట.

శవాన్ని ముట్టి మొక్కు చెడింది గదా, వాళ్ళ ధర్మం ప్రకారం ఏడో రోజు తల గొరిగించుకుంది. ఎనిమిదో రోజు మొగుడూ పెళ్ళాం రెండు గువ్వలు పట్టుకుని, షిలోహులో దేవుడి గుడారం కాడికి పోయారు. యాజకుడు ఆ గువ్వల్ని బలిచ్చి, "అమ్మా, వెనకటి రోజులు లెక్కలోకి రావు. ఇయ్యాల్టి నించీ మళ్ళా ఏడాది" అన్నాడు. ఆమె సరే అంది. అప్పుడు ఏలోను ముందుకొచ్చి, నాకూ మొక్కుందయ్యా అన్నాడంట. నీకేం ఆపదొచ్చిందని యాజకుడడిగితే, "ఆపదేం లేదయ్యా. ఇంకో ఏడాది ఈమె నీళ్ళు తాగతా ఉంటే, పక్కన కూచుని తాగటం నావల్ల కాదు" అన్నాడంట.

అట్టా ఏడాది ఇద్దరూ మొక్కు తీర్చుకున్నారు. మరి ఆ యేడు ఊళ్ళో ఎవరూ చావలేదా అని నన్నడుగుతారు. చావకేం, ఇద్దరాడోళ్ళు చచ్చారు. మిగతా ఆడోళ్ళే కిందామీదా పడి కడిగారు. అటారా గోడ ఇవతల నిలబడి, "నీళ్ళు గోరెచ్చగా పెట్టండే! తల కింద చెయ్యి పెట్టి లేపండే!" అని ఒకటే అరుపంట. చెయ్యి పెట్టగూడదన్నారు గానీ, నోరు పెట్టగూడదని ఆ మొక్కులో యాడా లేదు గదా!