నా మాటకొచ్చిన కమ్మలు

"పెద్దవ్వా, పెండ్లికని మా యవ్వ పెట్టిన ఈ కమ్మలు చూడు. జర్మనోడు రష్యా మీద పడతాడని మా యవ్వ ముందే చెప్పిందంట గదా, వాళ్ల మామ మెచ్చుకోని చేయించినాడంట?"

మీ యవ్వ చెప్పిందా? ఎవురమ్మీ నీకు చెప్పింది? ఆ యమ్మేనా? చెప్తాది, చెప్తాది. ఇట్లొచ్చి కూర్చో. ఆ తలుపు ముయ్యి. వద్దులే, ఉండనీ, వింటే వినింది.

మీ యవ్వా నేనూ తోడికోడండ్లం గదా. నేను పెద్దకోడల్ని, జమ్మలమడుగు పిల్లని, పరాయి సంబంధం. ఆ యమ్మ మా మామకు సొంత అక్క కూతురు. ఆయన ఒళ్లో పెరిగింది, దానికేం భయం? మామకు కండ్లు ఆనవని, ఎదురుగ్గా కూర్చోని పేపరు చదివేది. నాకు చదువూ రాదు, మామ ముందర నిలబడేదానికీ లేదు. ఏమన్నా చెప్పాలంటే తలుపు సాటునుంచి ఈ యమ్మతో చెప్పించాల. ఆ కాలం అట్లుండె.

యుద్ధం మొదలైన ఏడు అది. పేపరు మద్రాసు నుంచి మా ప్రొద్దుటూరుకు ఒక దినం ఆలస్యంగా వచ్చేది. ముందేమో జర్మనోడూ రష్యావోడూ, బద్ధశత్రువులు, చేతులు కలిపినారని వచ్చె. ఇంగ మధ్యలో పోలండని ఒక దేశం, దాని మీద జర్మనోడు పడె. ఇంగ్లీషోళ్లూ ఫ్రాన్సోళ్లూ మేముండామని యుద్ధం చాటిరి గానీ, ఆడికి సాయం పోయినోడు లేడు. ఆ పక్కనుంచి రష్యావోడు గూడా దూరె. ఇద్దరూ పంచుకునిరి. ఈడ కిరసనాయిలు ధర అప్పుడే పెరగబట్టె... ఏంది చెప్తాంటి? ఆ, "ఇంగ ఈళ్లిద్దరూ కలిసి లోకం ఏలతారు" అనె మామ. పేపరు కబుర్లు వినను వచ్చినోళ్లంతా తలలూపిరి.

నాకేమో మా పుట్టింటి కాడ జరిగింది గుర్తొచ్చె. ఇద్దరు పగోళ్లు ఒకటై, మధ్యలో ఉండే ఒక దిక్కులేని ఆడమనిషి చేను చెరిసగం కలుపుకునిరి. ఆ చేను మధ్యలో ఉన్నన్నాళ్లూ బాగుండ్రి. అది పోయి ఇద్దరికీ గట్టు ఒకటయ్యేసరికి, ఆ గట్టు మీదే కొడవండ్లు తీసిరి. అందుకే మీ యవ్వతో అంటి: "గట్టు కలిసింది గదా, జర్మనోడు రష్యావోని మీదికే పోతాడు. మామతో చెప్పు."

చెప్పింది. చెప్పలేదని నేనన్ను. "అక్క అంటాంది" అనే మాట మాత్రం మింగేసింది.

అప్పుడు మామ నవ్వె. రెండేండ్లు తిరక్కముందే అదే జరిగె. ఇంగ సూడు, "నా మేనకోడలి తెలివి సూడండ్రా" అని అంగళ్ల వీధంతా చెప్పుకునె. కంసాలిని ఇంటికే పిలిపించి ఈ కమ్మలు చేయించె. మీ యవ్వ నా పక్క చూడను గూడా చూడలే. నేను తలుపెనకాల కొంగు నోట్లో కుక్కుకోని నిలబడితి. కడుపు మండిపోయెనమ్మీ. మీ పెద్దతాతతో చెప్తే, "ఎవురు చెప్తే ఏంలే, ఇంట్లో బంగారే గదా" అనె. యాడ ఇంట్లో బంగారు? దాని చెవుల్లో బంగారు!

ఇప్పటికీ అంతే. కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు పోతాదని గూడా తానే ముందు చెప్పిందంట. అదెవురు అన్న మాటో, పాపం! మామ పోయి శానా ఏండ్లాయ. ఇప్పుడు నాకు నోరుంది, వినాల్సిన మనిషి లేడు.

ఏదీ, ఇట్ల తిరుగు. బాగుండాయమ్మీ నీకు. చల్లగా ఉండు, నూరేండ్లు బతుకు. అత్తగారింట్లో ఏమన్నా చెప్పాలనిపిస్తే, తలుపు దాటొచ్చి నీ నోటితోనే చెప్పు. కమ్మలు యాడివని ఎవురన్నా అడిగితే, మా పెద్దవ్వవి అను. మీ యవ్వ ముందర వద్దులే... కాదు కాదు, ఆ యమ్మ ముందరే అను.