సర్కారు ఎక్కించిన పెళ్లిళ్ల ఓడ

"నా పెళ్లి నేను చేసుకోలేనా అంకుల్? మధ్యలో సర్కారెందుకు?" అన్నాడు పై అంతస్తు కుర్రాడు హైకల్, టీ ఊదుకుంటూ.

"చేసుకోలేవు. అడగడానికి నోరు రావాలిగా," అన్నాడు టెక్ సూన్.

సింగపూర్‌లో మా బ్లాకు కిందే నా కాఫీ కొట్టు. పెళ్లీపెటాకులు లేని టెక్ సూన్ రోజూ ఇక్కడే కోతలు కోస్తాడు. డెబ్బై దగ్గరపడ్డా గొంతు తగ్గలేదు.

"నువ్వు పుట్టకముందు మాట. చదువుకున్న పిల్లలు పెళ్లి ఊసెత్తడం లేదని సర్కారు వాళ్లని ఓడెక్కించి సముద్రం మీద తిప్పింది. ఆ ఓడకి ఆఫీసర్ని నేనే. ఒక ఇంజనీరు, ఒక లెక్కల టీచరు పొద్దుట్నుంచీ ఎండ గురించే మాట్లాడుకుంటున్నారు. చూడలేక అబ్బాయి చెవిలో ఒక్కటే ఊదాను, 'ఫ్లాటుకి అప్లై చేద్దామా' అని అడగరా అని. పెళ్లయ్యేవాళ్లకేగా సర్కారు ఫ్లాటు ముందు ఇచ్చేది. అమ్మాయి సిగ్గుపడిపోయింది."

"ఒక్క జంటేనా?"

"ఆగవయ్యా. అదే మాట మైకులో చెప్పా. ఓడంతా జంటలే. కెప్టెను వంటావిణ్ణి అడిగేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అందరూ ఒకే పక్క చేరి పొద్దు గుంకడం చూస్తుంటే ఓడ ఒరిగిపోయింది. నేనొక్కణ్ణే రెండో పక్క నిలబడి సరిచేశా. అది చూసి రొయ్యలు కూడా జతలు కట్టాయి. మరుసటేడు ఇళ్లు చాలక సముద్రం పూడ్చారు. మన తీరం ఇంత ముందుకొచ్చింది ఎవరివల్ల మరి?"

పక్క బల్ల దగ్గర టోస్టు తింటున్న గెక్ హోంగ్ టీచరు తలెత్తింది. కిందటి నెలే మా బ్లాకుకి వచ్చింది, ఆవిడా ఒంటరే.

"ఆ ఓడ నేనూ ఎక్కాను. నువ్వు ఆఫీసరువి కాదు, నాలాగే సంబంధం కోసం వచ్చినవాడివి. భోజనాల దగ్గర నీ పక్క కుర్చీలో కూర్చుందామని వచ్చాను. మనవాళ్లంతా సీటు పట్టుకోడానికి పెట్టినట్టే దానిమీద టిష్యూ ప్యాకెట్ పెట్టావు. ఎవరికో పట్టి ఉంచావనుకుని పళ్లెం తీసుకుని వేరే బల్లకి పోయాను."

హైకల్ పకపకా నవ్వాడు. నాకు మాత్రం జాలేసింది.

"ఎవరికీ కాదు," అన్నాడు టెక్ సూన్. "ఎవరైనా మంచి అమ్మాయి వస్తే చోటుండాలని పెట్టాను."

"అలా పెడితే ఎవరొచ్చి కూర్చుంటారయ్యా?" అంది గెక్ హోంగ్.